పొగమంచు ఎక్కడిది?

1943వ సంవత్సరము జులై 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి తీరమునందలి లాస్ ఏంజిలీసు నగరమును ఒక వింత పొగమంచు క్రమ్మివేసెను. పట్టపగలు మూడు వీధుల అవతల నున్న మేడలు కానరాకుండెను. జనుల కన్నులు మండి నీరు కారెను, గొంతులు గరగరలాడెను. అది రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచున్న కాలము. పసిఫిక్ మహాసముద్రమునకు ఆవలి ఒడ్డున నున్న జపాను అప్పుడు శత్రుదేశము. కావున శత్రువులు విషవాయువును ప్రయోగించిరేమో యని కొందరు భయపడిరి.

అది శత్రువుల పని కాదని త్వరలోనే తేలినది. మరి ఎవరి పని? నగర మధ్యమున కృత్రిమ రబ్బరు తయారీకి వలయు బ్యూటడీను అను ద్రవ్యమును ఉత్పత్తి చేయు కర్మాగార మొకటి ఉండెను. యుద్ధము వలన మలయా దేశపు రబ్బరు అందక, అట్టి కర్మాగారములు అవసరమైనవి. దాని వాసన ఘాటైనది. అందరి చూపును దానిమీదనే పడెను. ప్రజల ఒత్తిడికి లోబడి దానిని కొంతకాలము మూసివేసిరి. కర్మాగారము మూతపడినది గాని, పొగమంచు మాత్రము మరల మరల వచ్చుచునే యుండెను. కంటికి కనబడిన పొగగొట్టమే దోషి యనుకొనుట ఎంత సులభమో, అంత పొరపాటని ఆ నగరవాసులకు తెలియుటకు ఇంకను పది సంవత్సరములు పట్టినది.

లాస్ ఏంజిలీసు నగరపు ఉనికి ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. ఒకవైపు సముద్రము, తక్కిన వైపుల కొండలు; నడుమ పళ్లెము వంటి మైదానము. కొండల నడుమ ఒదిగియున్న విశాఖపట్టణమును చూచినవారికి ఈ స్థితి తేలికగా బోధపడును. సామాన్యముగా నేలకు దగ్గరనున్న గాలి వెచ్చగాను, పైకి పోయిన కొలది చల్లగాను ఉండును. వెచ్చని గాలి తేలికైనది గనుక పైకి లేచును. దానితోపాటు పొగయు పైకి పోయి చెదరిపోవును. కాని కొన్ని వేళల ఈ క్రమము తలక్రిందులగును. చల్లని గాలి క్రిందను, వెచ్చని గాలి పైనను నిలుచును. అప్పుడు క్రింది గాలి పైకి లేవదు. శీతకాలపు తెల్లవారుజామున మన పల్లెలలో పొయ్యిల పొగ ఆకాశమునకు పోక, ఇండ్ల కప్పులమీదుగా చాప పరచినట్లు అడ్డముగా వ్యాపించి యుండుటను చూడని వారుండరు. ఆ దృశ్యమునకు కారణ మిదియే. దీనినే ఉష్ణోగ్రతా విలోమ మందురు. లాస్ ఏంజిలీసులో సముద్రపు చల్లగాలి క్రిందను, వెచ్చగాలి పైనను నిలిచి, వేసవి దినములలో తరచుగా కుండమీది మూతవలె ఉండును. కొండలు కుండ గోడలు. అందులో ఏది వదలినను అందులోనే యుండును.

మూత సంగతి అర్థమైనది; కాని కుండలో ఉడుకుచున్న దేమి?

ఆ కాలమున పట్టణపు పొగను గూర్చి ఇంజనీర్లకు తెలిసినదంతయు బొగ్గు వలన తెలిసినదే. సెయింట్ లూయీ అను నగరమున 1939 నవంబరు 28వ తేదీన పగలే చీకటి కమ్మి, వీధి దీపములు వెలిగించుకొనవలసి వచ్చెను. చవుకగా లభించుచుండిన గంధకము హెచ్చుగాగల బొగ్గు అందుకు కారణము. రేమండ్ టక్కరు అను యంత్రశాస్త్రాచార్యుడు ఆ నగరమున పొగ నివారణాధికారిగా నుండి, మేలైన ఇంధనమునే వాడవలెనని నిబంధన తెచ్చుటకు పాటుపడి, ఆకాశమును తేటపరచెను. ఆయన తరువాత ఆ నగరమునకు మేయరు కూడ అయ్యెను. లాస్ ఏంజిలీసు వార్తాపత్రిక యొకటి ఆయనను పిలిపించి సలహా అడిగెను. ఏ ఒక్కటియో గాక అనేక వస్తువుల పొగ ఇందులో కలిసియున్నదని 1947 జనవరిలో ఆయన నివేదిక యిచ్చెను. ఆ సంవత్సరమే వాయు కాలుష్య నివారణ కొరకు ఒక ప్రత్యేక శాఖ ఏర్పడినది. ఆ శాఖవారు కర్మాగారముల పొగను అరికట్టిరి. చమురు శుద్ధి కేంద్రములనుండి వచ్చు గంధక వాయువును తగ్గించిరి. చేసిన పనులు మంచివే. కాని జనుల కన్నుల మంట తగ్గలేదు.

ఒక రోగమునకు పనిచేసిన మందును మరొక రోగమునకు వేసినట్లయినది. బొగ్గు పొగ ఎట్టిదో తెలియుటకు లండను నగరమును చూడవలెను. 1952 డిసెంబరు 5వ తేదీ మొదలు 9వ తేదీ వరకు ఆ నగరమును కప్పిన పొగమంచు వలన సుమారు నాలుగువేల మంది చనిపోయిరని అప్పుడు లెక్కించిరి; తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పండ్రెండువేల వరకు ఉండవచ్చుననిరి. అది చలికాలము, తడిగాలి, చీకటి. లాస్ ఏంజిలీసు పొగమంచు అందుకు పూర్తిగా విరుద్ధమైనది. అది ఎండ కాయు వేసవి దినములలోనే హెచ్చును. తెల్లవారినప్పుడు కొంచెముగా నుండి, మధ్యాహ్నమునకు ముదిరి, ప్రొద్దుగ్రుంకగనే తగ్గిపోవును. పైగా ఆ నగరమున బొగ్గు వాడుకయే బహు తక్కువ. ఇంగ్లీషువారు పొగను, మంచును తెలుపు రెండు మాటలను జోడించి ఒక మాట చేసికొనినట్లే మనమును పొగమంచు అనుచున్నాము. లాస్ ఏంజిలీసులో పొగయు ముఖ్యము కాదు, మంచును ముఖ్యము కాదు. పేరు మాత్రము నిలిచిపోయినది.

ఈ చిక్కుముడికి మొదటి పీచు దొరికినది కూరగాయల తోటలలో. 1944 ప్రాంతమున ఆ నగరపు పరిసరములలోని రైతుల ఆకుకూరలు చెడిపోవ జొచ్చెను. ఆకుల అడుగు భాగము వెండిపూత పూసినట్లు మెరిసి, తరువాత కంచు రంగు తిరిగి ఎండిపోవుచుండెను. గంధక వాయువు తగిలిన ఆకు ఇట్లుండదు. ఈనెల నడుమ తెల్లగా పాలిపోవును. కావున గాలిలో ఇంకేదియో యున్నదని ఆకులే సాక్ష్యము చెప్పినవి. మనుష్యుల సాక్ష్యము కంటె ఆకుల సాక్ష్యము ఒక విధముగా మేలైనది. వానికి కర్మాగారముల యందు కోపమును లేదు, మోటారు కార్ల యందు మమకారమును లేదు.

ఈ ఆకుల తెగులును పరిశీలించుటకు పూనుకొనినవారిలో ఏరీ హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞు డుండెను. ఆయన 1900లో హాలెండు దేశమునందలి ఉట్రెక్టు నగరమున జన్మించి, అమెరికాకు వచ్చి, లాస్ ఏంజిలీసుకు చేరువనున్న కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడుగా నుండెను. మొక్కలలోని రుచులకును, వాసనలకును కారణమైన పదార్థములను వేరుపరచుట ఆయన విద్య. ఆ రోజులలో అనాసపండు కమ్మదనము దేనివలన కలుగునో శోధించుచుండెను. పండ్ల వాసనను పట్టు విధము ఇట్టిది: వాసనగల గాలిని అతిశీతలమైన గొట్టముల గుండ పోనిచ్చిన, అందులోని ఆవిరులు గడ్డకట్టి నిలిచిపోవును. హాగెన్-స్మిట్ అదే పరికరమునకు అనాసపండు గాలికి బదులు కిటికీ బయటి గాలిని ఎక్కించెను. చాల గాలి పోయిన పిమ్మట గొట్టములో కొద్ది చుక్కలు గోధుమ వర్ణపు ద్రవము మిగిలెను. దాని వాసన భరింపరానిది. పరీక్షింపగా, పెట్రోలు వంటి చమురుల ఆవిరి ఆమ్లజనితో సగము సగముగా కలిసినప్పుడు ఏర్పడు పదార్థములు అందు కనబడెను.

చమురు ఆవిరులను అట్లు మార్చినది యేమి? ఇచ్చట రబ్బరు మరల కథలోనికి వచ్చినది. లాస్ ఏంజిలీసులో మోటారు టైర్లు ఇతర స్థలములలో కంటె త్వరగా పగుళ్లు తీయుచుండెను. ఓజోను అను వాయువు రబ్బరును చీల్చునని రసాయనవేత్త లెరుగుదురు. మనము పీల్చెడి ఆమ్లజని అణువులో రెండు పరమాణువు లుండగా, ఓజోనులో మూడుండును. మిక్కిలి ఎత్తున ఆకాశములో నుండి సూర్యుని తీక్ష్ణ కిరణములను అడ్డగించి మనలను కాపాడు ఓజోనే, నేలమీద ఊపిరితిత్తులకు శత్రువగును. హాగెన్-స్మిట్ రబ్బరు ముక్కలను వంచి కట్టి గాలిలో నుంచి, పగులు కనబడుటకు ఎన్ని నిమిషములు పట్టునో, ఎంత లోతు పగులునో కొలిచెను. పొగమంచు దట్టముగానున్న దినమున అవి కొన్ని నిమిషములలోనే పగిలెను. అణా ఖరీదు చేయని రబ్బరు ముక్క కొలమాన మయ్యెను.

అయితే ఇక్కడనే పెద్ద సందేహము పుట్టినది. ఓజోనును వదలు పొగగొట్టము ఆ నగరమున ఒక్కటియు లేదు. కార్ల గొట్టములనుండియు అది రాదు. ఎవరును వదలని వాయువు గాలిలోనికి ఎట్లు వచ్చెను? హాగెన్-స్మిట్ ఒక మూసిన గదిలో పెట్రోలు ఆవిరిని, నత్రజని ఆక్సైడును కలిపి, దానిమీద వెలుతురు పడనిచ్చెను. ఆ రెండింటిలో ఏదియు ఓజోను కాదు. కాని కొంత సేపటికి గదిలో ఓజోను ఏర్పడెను. అందుంచిన ఆకులు వెండిపూత పట్టెను. అందు తల పెట్టినవారి కన్నులు మండెను. పొగమంచు ఏ గొట్టమునుండియు రాదు, ఆకాశములోనే వండబడుచున్నదని ఆయన తేల్చెను. చమురు ఆవిరియు, నత్రజని ఆక్సైడును వంట సామగ్రి, ఎండ నిప్పు. మధ్యాహ్నమున పొగమంచు ముదురుటకు కారణ మప్పుడు తెలిసినది. ఆయన ఈ విషయములను 1950 మొదలు 1952 వరకు ప్రకటించెను.

ఈ సామగ్రి ఎక్కడనుండి వచ్చుచున్నది? శుద్ధి కేంద్రములనుండి కొంత. ఆ సంగతి అందరును ఒప్పుకొనిరి. మోటారు కార్లనుండి అధిక భాగము; ఈ సంగతి వినుటకు ఎవరికిని ఇష్టము లేకపోయెను. చమురు పరిశ్రమవారి ధనసహాయముతో పనిచేయుచుండిన కొందరు శాస్త్రజ్ఞులు ఆయన సిద్ధాంతమును ఖండించిరి. వారిమాట యటుండనిండు, సామాన్య ప్రజలకును అది రుచించలేదు. అంతవరకు దోషి ఎక్కడనో యున్న కర్మాగారపు యజమాని; ఇప్పుడు దోషి తమ తమ ఇంటి వాకిటనే నిలిచియున్నది. ఒక శాస్త్ర విషయమును తెలిసికొనుట కంటె ఒప్పుకొనుట కష్టమగుట ఇట్టి సందర్భములలోనే. హాగెన్-స్మిట్ తన పండ్ల వాసనల పరిశోధనను ప్రక్కకు నెట్టి, విమర్శకులకు ప్రయోగములతోనే బదులు చెప్పుచు వచ్చెను.

అప్పుడు లెక్క అవసరమైనది. నగరమున దినమునకు ఎంత పెట్రోలు అమ్ముడగును? ఒక కారు అందులో ఎంత భాగమును కాల్చకయే గొట్టము గుండ వదలును? ట్యాంకునుండి ఆవిరియై పోవునది ఎంత? ఇంజను అడుగు భాగమునుండి వచ్చునది ఎంత? శుద్ధి కేంద్రముల వాటా ఎంత? పెరటిలో చెత్త కాల్చు పొయ్యిల వాటా ఎంత? ఒక్కొక్క దానిని విడివిడిగా కొలిచి, మొత్తము సంఖ్యతో హెచ్చించి, పట్టిక వ్రాయవలెను. ఇది కిరాణా కొట్టు చిట్టావంటి పని. ఇందులో మెరుపు లేదు. కాని నేటికిని ఏ నగరపు గాలిని పరిశోధించుటకైనను ఇట్టి చిట్టా ఆవశ్యకము.

ఆ చిట్టాను పట్టుకొని పనులు సాగినవి. పెరటి పొయ్యిలను 1957లో నిషేధించిరి. 1966లో కార్ల గొట్టములనుండి వచ్చు వాయువులకు కాలిఫోర్నియా రాష్ట్రము హద్దు విధించెను. 1968లో ఆ రాష్ట్రపు వాయు సంరక్షక మండలికి హాగెన్-స్మిట్‌నే మొదటి అధ్యక్షునిగా నియమించిరి. 1975 నుండి క్రొత్త కార్ల గొట్టములలో ఒక ఉత్ప్రేరక పరికరమును అమర్చిరి. విషవాయువులు దాని లోపలి ప్లాటినము పూతను తాకి, హానిలేని వాయువులుగా మారును. సీసము కలిసిన పెట్రోలు ఈ పూతను పాడుచేయును గనుక సీసములేని పెట్రోలును అమ్మవలసి వచ్చినది. ఆ విధముగా గాలిలోని సీసమును తగ్గినది. ఇది అడుగకయే లభించిన లాభము. 1955లో లాస్ ఏంజిలీసు గాలిలో ఓజోను పది లక్షల భాగములలో 0.68 భాగము వరకు పెరిగియుండెను. జనులును కార్లును ఎన్నో రెట్లు పెరిగినను, అంతటి పరిమాణము ఈ శతాబ్దమున ఎన్నడును కనబడలేదు. అయినను ఆ నగరము ఓజోను హద్దును 2020 తరువాత కూడ దాటుచునే యున్నది. హాగెన్-స్మిట్ 1977లో ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాధితో మరణించెను.

ఓజోను కంటికి కనబడదు. లాస్ ఏంజిలీసు కొండలను మరుగుపరచినది దానితోపాటు పుట్టిన సన్నని ధూళి. నేడు నగరముల గాలిని గూర్చిన విచారములో ఈ ధూళికే మొదటి స్థానము. తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మిక్కిలి హాని చేయు కణముల మందము రెండున్నర మైక్రానులకు మించదు. ముక్కులోని వెండ్రుకలు వీనిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల చివరి గదుల వరకు పోవును.

వీనిని కొలుచు పద్ధతి చూచుటకు సామాన్యమైనది. ఒక యంత్రము నిమిషమునకు 16.7 లీటర్ల చొప్పున గాలిని పీల్చి, పెద్ద కణములను వేరుచేసి, సన్నని కణములను ఒక పలుచని వడపోత బిళ్లమీద నిలుపును. ఇరువదినాలుగు గంటలలో దాని గుండ పోవు గాలి సుమారు 24 ఘనమీటర్లు. బిళ్లను ముందును, వెనుకను తూచి, తేడాను 24చే భాగింపవలెను. మన దేశమున 2009లో విధించిన హద్దు ప్రకారము ఒక దినపు సగటు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదు. అనగా, బిళ్ల బరువు దినమునకు సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటె పెరుగరాదు. ఇసుక రేణువులు కొన్నిటి బరువది! గాలిలోని తేమ బిళ్లకు అంటినను లెక్క తప్పును. అందుచేత తూచు గదిలో వేడిని, తేమను మారనీయక కాపాడుదురు.

బరువు వలన ధూళి ఎంతయో తెలియును గాని, ఎక్కడిదో తెలియదు. అందుకు బిళ్లమీది మసిని విశ్లేషించి చూతురు. ఒక్కొక్క మూలమునకు ఒక్కొక్క గుర్తు గలదు. అల్యూమినియము, సిలికాను హెచ్చుగా నున్న అది రోడ్డు మట్టి. సోడియము, క్లోరిను కలిసియున్న సముద్రపు ఉప్పు. వెనేడియము, నికెలు కనబడిన ఓడలలో కాల్చు చిక్కని చమురు. నల్లని కర్బనము డీజిలు ఇంజనులను చూపును. కట్టెలు, ఎండుటాకులు కాలినప్పుడు మాత్రమే పుట్టు ఒక విధమైన చక్కెర పదార్థము గలదు; అది కనబడిన పొయ్యియో, పొలములోని మంటయో కారణము. విశాఖపట్టణము వంటి రేవు పట్టణమున ఈ గుర్తులన్నియు ఒకే బిళ్లమీద కలిసియుండుటకు వీలున్నది. ఏ గుర్తు ఎంత పాలో గణితముచే విడదీయవలెను.

అన్నిటిలోను చమత్కారమైన గుర్తు మరొకటి. చెట్లు గాలినుండి తీసికొను కర్బనములో ఒక అతి స్వల్ప భాగము రేడియోధార్మిక కర్బనము. అది 5,730 సంవత్సరములకు సగము, మరల అన్ని సంవత్సరములకు అందులో సగముగా క్షీణించుచుండును. బొగ్గును, పెట్రోలును కోట్ల సంవత్సరములుగా భూమిలో పడియున్నవి. వానిలో అది మచ్చునకైన మిగులదు. నిన్న నరికిన కట్టెలో నిండుగా నుండును. కావున మసిలోని ఈ కర్బనమును కొలిచిన, అందు ఎంత పాలు కట్టెలనుండి వచ్చినదో, ఎంత పాలు బొగ్గు, పెట్రోలు, డీజిలులనుండి వచ్చినదో చెప్పవచ్చును. 1950వ దశకముననే శాస్త్రజ్ఞు లీ పద్ధతిని నగరపు మసికి ప్రయోగించిరి.

మరల లాస్ ఏంజిలీసునకే వచ్చిన, అచ్చటి గాలి పరిశోధకులను ఇంకొక మారు కలవరపరచినది. ఆదివారము లారీలు తక్కువగా తిరుగును. నత్రజని ఆక్సైడులును తగ్గును. అట్టి దినమున ఓజోనును తగ్గవలెను గదా! కాని ఏటేటి లెక్కలు చూడగా, అనేక స్థలములలో ఆదివారమున ఓజోను తగ్గలేదు. కొన్ని చోట్ల హెచ్చినది కూడ. దీనిని చూచి, లారీలను అదుపు చేయుట వ్యర్థమని వాదించినవారును లేకపోలేదు. పరిశోధకులు తొందరపడక గంటగంటకు గాలిని కొలిచిరి. ఇంజనునుండి అప్పుడే వెలువడిన నత్రజని ఆక్సైడు తనకు ఎదురైన ఓజోనును మ్రింగును. ప్రతి దినము ఉదయము లారీల పొగ ఈ పనిచేసి, ఓజోను పుట్టుకను కొన్ని గంటలు ఆలస్యము చేయును. ఆదివారము ఉదయము మ్రింగువారు తక్కువ; కావున ఓజోను పెందలకడనే పెరుగనారంభించును. చమురు ఆవిరిని తగ్గింపక నత్రజని ఆక్సైడును కొంచెముగా తగ్గించిన కొంతకాలము కీడే కనబడును. రెండింటిని బాగుగా తగ్గించినప్పుడు ఓజోను తప్పక దిగును. ఏది ఎంత తగ్గించిన ఎప్పుడు ఏమగునో తెలియుటకై అచ్చటి పరిశోధకులు నేటికిని ఆదివారపు అంకెలను విడిగా వ్రాసికొనుచున్నారు.